వెల్లకిలా పడుకున్న కుందేలు

నైట్ షిఫ్ట్ వారంలో ఆ ఇంట్లో కుక్కర్ కూయకూడదు. గంట పట్టినా సరే, పప్పు గిన్నెలోనే ఉడకాలి. మిక్సీ ముందురోజు సాయంత్రమే తిప్పుకోవాలి, గేటు కొక్కేనికి గుడ్డపేలిక చుట్టాలి. పాల్వంచ కరెంటు ప్లాంటు క్వార్టర్లలో సగం ఇళ్లు ఇంతే. రాత్రంతా బాయిలర్ దగ్గర నిలబడి వచ్చిన మగవాడు పగలు పడుకుంటే, ఆడవాళ్లు పిల్లుల్లా నడుస్తారు. శ్యామల అయితే మరీను. పన్నెండేళ్ల కాపురంలో తన అడుగుల చప్పుడు తనకే వినిపించడం మానేసింది. "నా పెండ్లాం ఇంట్ల ఉన్నదో లేదో గూడ తెల్వదు" అని హరిప్రసాద్ క్యాంటీన్‌లో గొప్పగా చెప్పుకుంటాడు. ఆ కాలనీలో ఆడదానికి అంతకు మించిన మెప్పు లేదు మరి!

అలాంటి ఇంట్లోకి కుందేలు రాగలిగిందంటే, దానికీ గొంతు లేదు గనుకే.

అత్త బతుకమ్మను కంటి దవాఖానాకు ఖమ్మం తీసుకెళ్లిన రోజు అది. అత్త కళ్లలో చుక్కలు వేయించుకుని కూర్చుంటే, శ్యామల పక్కనున్న పశువుల డాక్టర్ వరండాలోకి తొంగిచూసింది. అట్టపెట్టెలో తెల్ల కుందేలు. ఒక చెవి కొస చిరిగి ఉంది. కోచింగ్ పిల్లలెవరో సరదాకి కొని, పరీక్షలు కాగానే కిరాయి గదిలో వదిలేసి ఊళ్లకు పోయారట. నాలుగు రోజుల తర్వాత తాళం తీస్తే ఇంకా బతికే ఉందట. "సాదుకుంటారా?" అని అడిగింది డాక్టర్ పద్మప్రియ. శ్యామల ఎందుకు తలూపిందో ఆమెకే తెలియదు. జాలి కలగలేదు, సంతోషమూ కలగలేదు. కొంతకాలంగా ఏదీ కలగడం లేదు. పన్ను పీకేముందు సూది వేసిన చెంపలా ఉంటోంది ఒళ్లంతా.

డాక్టరమ్మ ఒక కాగితం మీద సంతకం అడిగింది. అందులో ఒక వాక్యం మీద వేలు పెట్టి మరీ చెప్పింది. "ఇంట్లో దానికంటూ ఒక చోటుండాలె. తనంతట తాను బయటికొచ్చేదాక ఎవ్వరూ లోపల చెయ్యి పెట్టొద్దు. సరేనా?"

సరేనని సంతకం చేసింది శ్యామల. అలాంటి చోటు తనకే లేదన్న సంగతి బస్సు కొత్తగూడెం దాటాక గుర్తొచ్చింది.

"అరుస్తదా?" హరిప్రసాద్ అడిగింది అదొక్కటే. అరవదంది. "అయితే ఉండనీ" అన్నాడు. బిడ్డ గురుకులం హాస్టల్‌కు పోయాక ఖాళీ అయిన చిన్నగదిలో శ్యామల గోనెసంచి పరిచి, అట్టపెట్టె బోర్లించి దానికో గుమ్మం కోసింది. ముల్లంగి ఆకు, కొత్తిమీర, ఎండుగడ్డి పెట్టింది. "ఉన్న పని సాలదని ఇంకో పని తెచ్చుకున్నది" అని బతుకమ్మ సణిగింది. సణిగిన ఆమే ఒకరోజు దాన్ని ఒళ్లోకి లాక్కుని వెల్లకిలా తిప్పింది. కాళ్లు నాలుగూ పైకి పెట్టి, కళ్లు తెరుచుకుని, అది కిక్కురుమనకుండా పడుకుంది. "ఓయమ్మో, సంటిపిల్ల లెక్క పండుకున్నదిరా!"

ఇంకేం, ఇంటిల్లిపాదికీ అదే తమాషా. ఎవరొచ్చినా హరిప్రసాద్ దాన్ని తెచ్చి వెల్లకిలా తిప్పేవాడు. "ఎంత బుద్ధిమంతురాలో సూడుండ్రి, అచ్చం మా ఇంటామె లెక్క" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. చాయ్ కప్పులు సర్దుతూ శ్యామల కూడా నవ్వేది.

నెల తిరిగేసరికి అది తిండి తగ్గించింది. బుట్టలో పెట్టుకుని ఖమ్మం తీసుకుపోయింది శ్యామల. "మంచిగనే ఉంటది మేడం, వెల్లకిల ఏస్తే హాయిగ పండుకుంటది" అని చెబుతుంటే పద్మప్రియ చెయ్యి ఆగిపోయింది.

"అది పండుకోవడం కాదమ్మా. నక్కో కుక్కో పట్టుకుందనుకుంటది. కదిలితే చంపుతదని చచ్చినట్టు పడి ఉంటది. అప్పుడు గుండె మీద చెయ్యి పెట్టి చూడండి, ఎట్ల కొట్టుకుంటదో. ఆ భయంతోనే ప్రాణం పోయినవి ఉన్నాయి. ఇంకోసారి ఎవరన్నా అట్ల చేస్తే నేను వాపస్ తీసుకుంట." కుందేలును బుట్టలో పెడుతూ మళ్లీ అడిగింది. "వెనక కాలుతో నేలకేసి కొట్టిందా ఎప్పుడన్నా? నచ్చకపోతే కొడతది."

"లేదు మేడం."

"అయితే మీ ఇంట్లో దానికింకా కోపం చూపే ధైర్యం రాలేదు."

తిరుగు బస్సులో ఒళ్లో బుట్ట, చెవుల్లో ఆ మాటలు. చచ్చినట్టు పడి ఉంటది. నైట్ షిఫ్ట్ దిగి హరిప్రసాద్ పొద్దున ఏడింటికి వస్తాడు. స్నానం చేసి, టిఫిన్ తిని, "శ్యామలా, తలుపేసి రా" అంటాడు. పొయ్యి మంట తగ్గించి వెళ్తుంది. అలిసి వచ్చినోన్ని కాదనొద్దు బిడ్డా అని అత్త మొదటి వారంలోనే చెప్పింది. వెల్లకిలా పడుకుని ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూస్తుంది. పప్పు అడుగంటుతుందేమో అనుకుంటుంది, యూనిఫాం నానబెట్టాలి అనుకుంటుంది. కదలదు. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి, ఇయ్యాల వద్దు అంది. అతను మూడు రోజులు మాట్లాడలేదు, అన్నం పళ్లెం తోసేశాడు. మళ్లీ ఆమె ఎన్నడూ వద్దనలేదు. దాన్నే ఇష్టం అనుకున్నాడతను. పాపం, నిజంగానే అనుకున్నాడు! ఇదంతా తలుచుకున్నా శ్యామలకు ఏడుపు రాలేదు. బుట్ట సందులోంచి కుందేలును తాకబోయి, వేలు వెనక్కి తీసుకుంది.

ఇంటికి రాగానే డాక్టరమ్మ మాట చెప్పింది. "కుందేలుకు భయమంట, మనసంట!" అని బతుకమ్మ బుగ్గలు నొక్కుకుంది. "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని, ఇగ ఇదే పాట పాడతది" అని హరిప్రసాద్ నవ్వాడు.

ఆదివారం సాయంత్రం అతని షిఫ్ట్ ఇన్‌చార్జి వెంకటనారాయణ చాయ్‌కి వచ్చాడు. హరిప్రసాద్ చిన్నగదిలోకి పోయి, అట్టపెట్టెలో చెయ్యి పెట్టి, కుందేలును తెచ్చి తొడల మీద వెల్లకిలా వేశాడు. "సూడండి సార్, ఎట్ల పండుకున్నదో!"

చాయ్ పళ్లెంతో వచ్చిన శ్యామల గడప దగ్గరే ఆగింది. కుందేలు కళ్లు తెరిచే ఉన్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది.

"దించుండ్రి" అంది. "అది పండుకోలే. భయపడ్డది."

"నీకెట్ల తెల్సు? నీ చెవుల చెప్పిందా?"

"తెల్సు. పన్నెండేండ్ల సంది నేనూ గట్లనే పండుకుంటున్న."

గట్టిగా కూడా అనలేదు. వెంకటనారాయణ తలొంచుకుని చెప్పుల కోసం వెతుక్కున్నాడు. "వస్తనమ్మా" అని చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. "నోట్లె నాలుక లేదనుకుంటిమి గదనే!" అంది బతుకమ్మ. హరిప్రసాద్ మొహం ఎర్రబడింది. శ్యామల పళ్లెం కింద పెట్టి, రెండు చేతులతో కుందేలును ఎత్తుకుని చిన్నగదిలోకి వెళ్లింది. ఆ రోజే తన చాపా దిండూ కూడా అక్కడికి మార్చుకుంది.

సోమవారం నుంచి మళ్లీ నైట్ షిఫ్ట్. మంగళవారం పొద్దున ఏడింటికి హరిప్రసాద్ వచ్చాడు. టిఫిన్ బల్ల మీద మూతపెట్టి ఉంది. చిన్నగది తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది.

"శ్యామలా, తలుపు తియ్."

అట్టపెట్టెలో కుందేలు వెనక కాలు ఎత్తి నేలకేసి దభీమని కొట్టింది. ఆ ఇంట్లో ఆ వేళప్పుడు అంత చప్పుడు ఎన్నడూ కాలేదు.

"ఏందది?" అన్నాడతను. మళ్లీ తలుపు తట్టాడు.

శ్యామల గోడకు ఆనుకుని ముల్లంగి ఆకు తుంచుతోంది. గుండె దడదడా కొట్టుకోవడం వినిపించింది. తనదే. చాలా రోజులకు వినిపించింది.

"కాయితం మీద సంతకం పెట్టిన" అంది, ఆకు పక్కన పెట్టి. "తనంతట తాను బయటికొచ్చేదాక, ఎవ్వరూ చెయ్యి పెట్టొద్దు."