బుద్ధిమంతురాలు

చచ్చిపోయిన పిల్లకు బహుమతి ఇవ్వడానికి పెట్టిన సభ అది. బట్టల మిల్లు వాళ్ళ బడి ఆవరణలో కుర్చీల మీద కంపెనీ పెద్దలు కూర్చున్నారు. పత్తి బేళ్ళు మోసేవాళ్ళు, అద్దకం వాళ్ళు, పోగులు అతికే ఆడవాళ్ళు నేల మీద కూర్చున్నారు. అక్కడ కూర్చోమని వాళ్ళకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏనాడో తీరిపోయింది.

బడి మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఇంత బుద్ధిమంతురాలైన పిల్లను నా సర్వీసులో చూడలేదు. అడిగితే తప్ప పలికేది కాదు. లెమ్మంటే తప్ప లేచేది కాదు. ఈ ఏడాది క్రమశిక్షణ బహుమతి ఆ పిల్లకే ఇస్తున్నాం."

ఇత్తడి కప్పు తెచ్చి పిల్ల తల్లి ఒళ్ళో పెట్టారు. ఆమెను మిల్లులో అందరూ పోగులక్క అంటారు. తెగిన పోగును ఆమె అతికినంత చురుగ్గా ఇంకెవరూ అతకలేరు. ఇప్పుడు ఆ చేతులకు కప్పు ఎలా పట్టుకోవాలో కూడా తెలియలేదు. పెద్దకూతురు పోయినప్పటి నుంచి ఆమె కంట చుక్క రాలలేదు.

పెద్దది పోయిన రోజు పత్తి చెత్త ఏరే షెడ్డులో నిప్పంటుకుంది. పని సెక్షన్ పిల్లలు మధ్యాహ్నం పూట అక్కడే ఉంటారు. కూలివాళ్ళ పిల్లలకు పొద్దున చదువు, తిన్నాక షెడ్డు. దాన్ని వృత్తి విద్య అన్నారు. ఆఫీసు వాళ్ళ పిల్లలు మాత్రం మేడ మీద సెక్షన్లో సాయంత్రం దాకా చదువుకుంటారు. కూలివాళ్ళ పిల్లలు ఆ మెట్లు ఎక్కేది ఊడవడానికే.

మేనేజరు ఇంకా ముగించలేదు. "కంపెనీ మిమ్మల్ని వదిలేయదమ్మా. పెద్దపిల్ల చోటు నీ చిన్నపిల్లకే ఇస్తున్నాం. సోమవారం నుంచి పని సెక్షన్‌కి పంపు."

పుండు మీద కారం చల్లి, అది మందేనని చెప్పినట్టుంది. తల్లి పక్కనున్న చిన్నది ఆమె కొంగు గట్టిగా పట్టుకుంది. ఆ పిల్లకు లెక్కలంటే పిచ్చి. నోరు ఊరుకోదు, ఎందుకు ఎందుకు అని ఇంట్లో అందరి ప్రాణం తీస్తుంది.

నేల మీద నుంచి బేళ్ళు మోసే మావయ్య లేచాడు. ఆయన గుసగుసలాడినా వీధి చివరికి వినపడుతుందని అందరూ మైకు మావయ్య అంటారు. "ఒక్క మాటండీ. తలుపు తీసే ఉందంటున్నారు. మిగతా పిల్లలంతా బయటపడ్డారు. మరి ఈ పిల్ల ఎందుకు రాలేదు?"

మేనేజరు కుర్చీల వైపు చూశాడు. "కంగారుపడి ఉంటుంది. ఏం చేస్తాం, దాని ఖర్మ."

"అది కంగారుపడలేదు సార్."

లేచి నిలబడింది వాగుడుకాయ. క్లాసులో మాట్లాడినందుకు రోజూ గోడకుర్చీ వేసే పిల్ల. పోయిన పిల్లకు ప్రాణ స్నేహితురాలు.

"సూపర్‌వైజరు సార్ టీకి వెళ్ళారు. పొగ రాగానే నేను లేచి పరిగెత్తా. రావే అని కేకేశా. సార్ వచ్చి లెమ్మనాలి కదే, నేను లీడర్ని కదే, అంది. చెయ్యెత్తి కూర్చుంది. గుమ్మంలోంచి చూస్తే దాని చెయ్యి కనపడుతోంది." ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది. "కాసేపటికి చెయ్యి కూడా కనపడలేదు."

బడి ఒక్కటే కాదు, రోజూ జడ వేస్తూ పోగులక్కా అదే చెప్పింది. సార్లు చెప్పినట్టు వినమ్మా, మంచి పిల్ల అనిపించుకోమ్మా అని. పిల్ల విన్నది. అక్షరం పొల్లుపోకుండా విన్నది.

ఆమె కప్పును మేనేజరు కాళ్ళ దగ్గర పెట్టి చిన్నదాని చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వెనకే నేల మీది జనమంతా లేచారు.

సాయంత్రం మిల్లు కట్టించిన కూలి ఇళ్ళ లైన్ల మధ్య, కుళాయి దగ్గర పెద్ద రగడ.

అద్దకం పనివాడొకడు తల కొట్టుకున్నాడు. "బడితో గొడవ పెట్టుకుంటే మనకేం మిగుల్తుందే అక్కా? చదువుంటేనే కదా మన పిల్లలు ఈ కంపులోంచి బయటపడేది."

"ఎవడు పడ్డాడు బయట?" అన్నాడు మైకు మావయ్య. "నువ్వు చదివింది ఆ బడిలోనే. నీ రంగు చేతులు ఒకసారి చూసుకో."

అప్పుడు లెక్కల టీచరమ్మ వచ్చింది. జనం పక్కకు జరిగి స్టూలు వేశారు. ఆమె స్టూలు మీద కూర్చోలేదు.

"కింద సెక్షన్లో నేను చెప్పే లెక్కలు పిల్లలు మర్చిపోతారు," అందామె. "గంట కొడితే రావడం, అడిగి నీళ్ళు తాగడం, ఎదురు చెప్పకపోవడం మాత్రం చచ్చేదాకా మర్చిపోరు. మిల్లుకు కావాల్సింది ఆ పాఠమే. మేడ మీదికెళ్తే, నీకేమనిపిస్తోంది బాబూ అని అడుగుతాం. రేపు వాళ్ళు ఆర్డర్లు వేయాలి కదా. ఒకే బడి, ఒకే పుస్తకం. కానీ ఒకళ్ళని యజమానులుగా తయారు చేస్తాం, ఒకళ్ళని కూలీలుగా."

"బడి వద్దని నేనట్లేదు," అంది పోగులక్క మెల్లగా. "మేడ మీద చెప్పే చదువే కిందా చెప్పమంటున్నా. పిల్లల్ని షెడ్డులోకి తోలడం మానమంటున్నా. అందాకా నా చిన్నది ఆ గేటు దాటదు."

"లైను ఇల్లు ఖాళీ చేయిస్తారక్కా," అన్నాడు అద్దకం పనివాడు.

"చేయించనీ. ఇల్లు పోతే ఇంకోటి దొరుకుద్ది. పిల్ల పోతే నాకు దొరికిందా?"

అద్దకం పనివాడు కుళాయి కింద చేతులు పెట్టి రుద్దుకుంటూ నిలబడ్డాడు.

సోమవారం బడి గంట మోగింది. పని సెక్షన్ పిల్లలెవరూ లోపలికి వెళ్ళలేదు. తల్లులు గేటుకు అడ్డంగా బైఠాయించారు. మిల్లు మానేసి మగవాళ్ళు వచ్చారు, వాళ్ళలో అద్దకం పనివాడూ ఉన్నాడు. లోపలి నుంచి లెక్కల టీచరమ్మ ఒక్కతే నడిచి వచ్చింది. మేనేజరు పిలుస్తున్నా వెనక్కి తిరగలేదు. రోడ్డు మీద పిల్లల మధ్య చతికిలబడింది.

"ఇవాళ నేను అడగను. మీరడగండి," అంది.

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ పని వాళ్ళకెవరూ నేర్పలేదు పాపం. చివరికి చిన్నది నోరు విప్పింది.

"మా అక్క ఎందుకు చచ్చిపోయింది టీచర్?"

టీచరమ్మ ఆ షెడ్డు ఎవరిదో, ఆ దూది ఎవరికి లాభమో, పెద్దవాళ్ళు చేయాల్సిన పనికి పిల్లల్ని ఎందుకు పెట్టారో చెప్పడం మొదలుపెట్టింది. పోగులక్క మెడ తిప్పి వింటోంది. అంతలో పోలీసు వ్యాను వచ్చింది.

లాఠీలు లేచాయి. మైకు మావయ్య తల పగిలింది. టీచరమ్మను జుట్టు పట్టి వ్యానులోకి ఈడ్చారు, పోగులక్కను రెక్క పట్టి అందులోకే తోశారు. చిన్నది పరిగెత్తుకు రాబోతే వాగుడుకాయ పట్టుకుని గుండెకు అదుముకుంది. గేటు దగ్గర ఖాళీ అయిన చోట్లోకి అద్దకం ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు.

వ్యాను కదిలింది. అప్పుడు ఏడ్చింది పోగులక్క. ఇన్నాళ్ళూ ఆగిందంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది. పెద్దదాన్ని పేరు పెట్టి పిలుస్తూ, ఇనప రేకుకు తల బాదుకుంటూ ఏడ్చింది. టీచరమ్మ ఆమె తలకూ రేకుకూ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టింది. పోలీసులు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

చాలాసేపటికి పోగులక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇందాక పిల్ల అడిగినదానికి నువ్వు సగమే చెప్పావు టీచరమ్మా."

"చెప్తానక్కా."

"మొదట్నుంచి చెప్పు. నేను బడికెళ్ళలేదు."