గండయ్య నేసిన దగ్గు

సుగుణమ్మకు పొద్దుగాల మూడు పనులు. వాకిలి ఊడ్చి సాన్పి చల్లుడు, జొన్న గట్క వండుడు, మగ్గం గుంటల దూరిన కప్పను బయటికి సాగనంపుడు. ఆ కప్ప చేనేత సంఘంల మెంబరు లెక్క రోజూ ఠంచనుగ వచ్చి తొక్కుడు చెక్క మీద కూసునేది. గుంటల కాళ్లు పెట్టే పెనిమిటి గండయ్య నెల రోజులుగ పట్నం దవాఖానల ఉన్నడు. మగ్గం ఖాళీగుంటే ఊకుంటదా, సాలెపురుగు ఎక్కి తన నేత తను మొదలువెట్టింది.

గండయ్యకు క్షయ. ఆయన దగ్గితే భువనగిరి కోటల గబ్బిలాలన్నీ లేచి రెండు రోజుల దాక కిందికి దిగేటివి కావు. ఆ దగ్గుకు ఒక తీరున్నది. రెండు చిన్న దగ్గులు, మూడోది పెండ్లానికి ఇనపడకుండ గొంతులనే మింగుడు. నేస్తుంటె నేస్తుంటె ఆ దగ్గు చీరెలల్లకు గూడ ఎక్కింది. కొనుక్కున్నోళ్లు దాన్నేం పట్టించుకోలేదు. కొంగు బిగిస్తే చీరె దగ్గేది, ఉతికి ఆరేస్తే దగ్గేది. "రంగు దిగుతలేదు, దగ్గితే దగ్గనీ" అని కట్టుకున్నరు. పక్కింటి బక్కమ్మవ్వ అయితే తన చీరెకు రోజు మాపటికి ఇంత తులసి కషాయం చిలకరించేది.

పేచీ అంత సంఘం ఆఫీసు కాడ వచ్చింది. మెంబరుకు రోగమొస్తే, వచ్చిన నెల నుంచి సంఘం బీమారి పైసలియ్యాలె. అది కాయిదం మీదనే ఉన్నది. గండయ్య ఆషాఢం బోనాల నుంచి పడుకుంట లేచుకుంట ఉన్నడు. సంఘమేమో దీపావళి నుంచే ఇస్తమన్నది. నడుమ నాలుగు నెలలు గాలికి పోయినయి. ఆ నాలుగు నెలలు పాలకు, గుడ్లకు, నాటు మందులకు సుగుణమ్మ వడ్డీకిచ్చే దశరథ దగ్గర అప్పు తెచ్చింది. ఆయితారం నాటికి తీర్చకుంటే బండి కట్టుకొని వచ్చి మగ్గం ఊడదీస్కపోతనని ఆయన కబురు పెట్టిండు. మగ్గం పోతే, గండయ్య రేపు బాగై వచ్చినా ఏం తిని బతకాలె?

అందుకే ఆ బేస్తారం ఆమె ఉన్నదాంట్ల మంచిది, ఎర్రంచు నీలి చీరె కట్టుకొని ఆరోసారి ఆఫీసుకు పోయింది. ఆరోసారి అని ఆమె అనుకున్నది గని, ఆఫీసు గడప అరిగిన తీరు చూస్తే అరవైసార్లకు తక్కువ కాదు.

సంఘం సెక్రెటరీ అమరేందర్ చెడ్డోడు కాదు. రిజిస్టరు చూసి గని ఆకలైందో లేదో చెప్పని మనిషి, అంతే.

"నేనేం చెయ్యాలె సుగుణమ్మా? డాక్టరు చీటీ మీద దీపావళి తారీఖున్నది" అన్నడు.

"డాక్టరు కాడికి దీపావళికి పోయినం సారు. రోగం డాక్టరింట్ల పుట్టలేదు గద."

అమరేందర్‌కు నవ్వొచ్చింది. నవ్వుకుంటనే రిజిస్టరు తెరిచిండు. అది ఈనిన బర్రె అంత ఉన్నది. "గిటు చూడు. ఆషాఢంల నూలు తీస్కపోయిండు, చీరెలు నేసి తెచ్చిండు. శ్రావణంల గట్లనే, భాద్రపదంల గట్లనే. రోగమున్నోడు గిన్ని చీరెలు నేస్తడా? తనిఖీకొచ్చినోళ్లు అడిగితే ఏం చెప్పాలె?"

"నేయకుంటే మీరు నూలియ్యరు. నూలు లేకుంటే పొయ్యి ఎలగది. రోగంతోనే నేసిండు సారు."

"రుజువేది మరి?"

సుగుణమ్మ మెట్ల మీద కూలబడ్డది. చుట్టిన నూలు కండెలు ఇచ్చి పోతందుకు వచ్చిన బక్కమ్మవ్వ ఆమె పక్కన కూసున్నది. చప్పున అవ్వ చీరె దగ్గింది. అవ్వ కొంగును జోకొట్టి, "నీ నోటితోని అడిగినవు, అయిపాయె. ఇగ చీరెలను అడగనీ బిడ్డా" అన్నది.

శుక్రారం పొద్దెక్కేసరికి ఆషాఢం నుంచి గండయ్య నేసిన చీరెలు కొన్న ఆడోళ్లంత కట్టుకొని వచ్చిన్రు. సంఘం ముంగట నిలవడ జాగ లేక సగం మంది చింతచెట్టెక్కిన్రు. అమరేందర్ ఒక్కొక్క కొంగు తిప్పి, ప్రతి చీరెకు కొట్టే సంఘం ముద్ర కింద తారీఖు చదివిండు. ఆషాఢం. చీరె దగ్గింది. శ్రావణం. దగ్గింది. ఆయన తెలివిగల్లోడు, నడుమ వేరేటాయన నేసిన చీరె గూడ చెవి కాడ పెట్టుకొని ఇన్నడు. అది సల్లగ ఊకున్నది.

"నేసినట్టు ముద్ర ఉన్నది, రోగమున్నట్టు దగ్గున్నది" అనుకుంట కలం సిరాల ముంచిండు. "ఆషాఢం నుంచి రాస్తున్న."

కలం చప్పుడు నడుమ రెండు చిన్న దగ్గులు వచ్చినయి. మూడోది ఎవరో మింగినట్టయింది.

"ఇది ఎవరి చీరె?" అన్నడు అమరేందర్.

అందరు సుగుణమ్మ దిక్కు చూసిన్రు. ఆమె తన నీలి చీరె దిక్కు చూసుకున్నది. ఇన్నాళ్లు మనిషి, చీరె ఒక్కింట్లనే దగ్గేటివి, ఆమె ఎన్నడు వేరుచేసి ఇనలేదు. ఈ నెల రోజులు ఇంట్ల దగ్గు ఇనవడితే, చెవులకు ఆయన మీద ధ్యాస అనుకున్నది.

అమరేందర్ కొంగు తిప్పి తారీఖు చూసిండు. "ఇది శివరాత్రి ముందటిది."

"పండుగకు నాకు నేసిచ్చిండు" అన్నది సుగుణమ్మ.

ఆయన రాసినదాన్ని కొట్టేసి, కింద శివరాత్రి నెల నుంచి అని రాసిండు. ఆమె అడగని అయిదు నెలలు గూడ అండ్ల చేరినయి.

ఆయితారం దశరథ పైకం తీస్కొని ఖాళీ బండి మళ్లేసిండు. కప్ప తొక్కుడు చెక్క మీదికెల్లి లేవనే లేదు.

సోమారం సుగుణమ్మ అదే చీరెతో పట్నం పోయి, దవాఖానల మంచం పట్టె మీద కూసున్నది.

"శివరాత్రి నుంచా?" అన్నది.

గండయ్య గోడ దిక్కు చూసిండు. "కొత్త చీరె కట్టుకొని వాడంత తిరిగొచ్చినవు. గప్పుడేం చెప్పాలె?"

"ఇగ మింగకు."

గండయ్య దగ్గిండు. ఒకటి, రెండు, ఆమె ముంగటనే మూడోది గూడ. ఆమె ఒంటి మీది చీరె మూడోది వచ్చేదాక ఆగి, దాంతోపాటు తనది గూడ పూర్తిగ దగ్గింది. ఆ తర్వాత అది మళ్ల దగ్గలేదు.