గ్లాసులో గాలి పాఠం

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు షహర్ బానో సికింద్రాబాదులో పంతులమ్మల ట్రైనింగులో చేరింది. అప్పటికే ఆమె అన్న, పెళ్లాం పిల్లలతో బొంబాయిలో ఓడెక్కి కరాచీ వెళ్లిపోయాడు. అతను ఎంత బతిమాలినా ఆమె అతని వెంట వెళ్లలేదు. ఇంకో ఊళ్లో బతకడం ఆమె ఊహకు అందలేదు, అంతే. కార్ఖానా అనే పేటలో మాబూబీ అనే ముసలామె ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుంది.

ట్రైనింగులో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. కాకపోతే బెంచీ మీద ఆమె పక్క చోటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఇంట్లో తెలుగు మాట్లాడినా చదువంతా ఉర్దూలో సాగింది కాబట్టి, తెలుగు రాయాలంటే తడుముకునేది. ఆ తప్పులు చూసి నవ్వేవాళ్లు కూడా లేరు. నవ్వినా బాగుండునని ఒక్కోసారి అనిపించేది.

శిక్షణ ఇచ్చే సలోమి టీచరు ఎవరినీ బెత్తం ముట్టనిచ్చేది కాదు. "పిల్ల ఆగమాగం చేస్తుందంటే ఆ చేతులకు పని లేదన్నట్టు. ముందు పని జూపియ్యుండ్రి," అనేది.

పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి వాళ్లను మెట్టుగూడ బడికి పంపేవారు. అక్కడ లచ్చమ్మ అనే ఏడేళ్ల పిల్ల ఉండేది. గొడవల్లో ఊరు విడిచి వచ్చిన కుటుంబం. తండ్రి ఏమయ్యాడో ఇంట్లోవాళ్లకే తెలియదు. ఆ పిల్ల పక్కవాళ్లను కొరికేది, పలకలు విసిరేది. పాఠం చెప్పడానికి వచ్చిన ప్రతి పంతులమ్మా ఆమెను వరండాలో నిలబెట్టి పని కానిచ్చుకునేది.

బానో వంతు వచ్చినరోజు వెనక బెంచీలో పరీక్షాధికారి కూర్చున్నాడు. గాలి కూడా చోటు ఆక్రమిస్తుందని పిల్లలకు చూపాలి. గ్లాసు అడుగున పొడి గుడ్డ కుక్కుతుండగానే లచ్చమ్మ వచ్చి పక్కనున్న నీళ్ల బకెట్టును కాలితో తన్నింది. నీళ్లు గదంతా పారాయి. బానో ఒక పాతగుడ్డ లచ్చమ్మ చేతికిచ్చి, ఇంకోటి తను తీసుకుని నేల తుడవసాగింది. కాసేపు నిలబడి చూసి, ఆ పిల్ల కూడా కూర్చుని తుడిచింది. తర్వాత ఇద్దరూ కలిసి నీళ్లు తెచ్చారు.

గ్లాసును బోర్లించి నీళ్లలో ముంచే పని బానో ఆ పిల్లకే అప్పగించింది. పైకి తీస్తే గుడ్డ తడవలేదు. లచ్చమ్మ దాన్ని వేళ్లతో నలిపి చూసి, మళ్లీ కుక్కి, మళ్లీ ముంచింది.

"అండ్ల ఏమున్నది టీచర్?"

"గాలి ఉన్నది. నీళ్లను లోపలికి రానిస్తలేదు."

"ఒక్కతే ఉన్నదా? భయం గాదా?"

"అయితది కావొచ్చు," అంది బానో. "నువ్వు గట్టిగ పట్టుకో."

పాఠం అయ్యేదాకా లచ్చమ్మ గ్లాసు వదల్లేదు. ఎవరినీ కొట్టలేదు.

సగం సమయం నేల తుడవడానికే పోయిందని పరీక్షాధికారి పెదవి విరిచాడు. సలోమి టీచరు మాత్రం, ఆ పిల్ల గదిలో కుదురుగా కూర్చోవడం తను మొదటిసారి చూశానని చెప్పి బానోను పాస్ చేయించింది.

ఆ వారం బానో లచ్చమ్మ చేతులకు ఇంకో పని చూపాలని శనగలు నానబెట్టి, మొలకలొచ్చాక బడికి తీసుకెళ్లింది. ఆ పిల్ల రాలేదు. సాయంత్రం రైలు పట్టాల పక్కనున్న గుడిసెకు వెళ్లి చూస్తే అందులో వేరేవాళ్లున్నారు. లచ్చమ్మ తల్లి పిల్లను తీసుకుని ఊరికి వెళ్లిపోయిందని చెప్పారు. ఏ ఊరో వాళ్లకూ తెలియదు.

ఎండాకాలం పోయాక బానోకు అదే బడిలో ఉద్యోగం వచ్చింది. మాబూబీ సంబరపడి, ఈ సంగతి ముందు ఎవరికి చెబుతావని అడిగింది. బానోకు గుర్తొచ్చింది కరాచీలో ఉన్న అన్న కాదు, లచ్చమ్మ. ఆ మాట ముసలామెతో అనలేక, "చూస్త అమ్మీ," అని లోపలికి వెళ్లి, రేపు బడికి కట్టుకోవాల్సిన చీర మడతలు సరిచేసుకుంటూ చాలాసేపు కూర్చుంది.