బొంగరం ఎవరి చేతిలో ఉంటే

నేను ఒక ఏటికొప్పాక లక్క బొంగరాన్ని. అంకుడు కర్రలో పుట్టాను. ఎరుపూ పసుపూ లక్క పూసి, మొగలాకుతో రుద్ది నాకు మెరుపు తెచ్చారు. ఏ పిల్లల అరచేతిలోనో తిరుగుతాననుకుంటే, మాళవిక నన్ను కొని విశాఖలోని తను చదివే ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో, కీబోర్డుల మధ్య కూర్చోబెట్టింది.

అక్కడ కొందరు విద్యార్థులు ఒక వీడియో గేమ్ చేస్తున్నారు. తుఫానులో చిక్కిన పడవను రేవుకు చేర్చడమే ఆట. ప్రోగ్రామర్లకు లీడరు మాళవిక. అందరూ ఒకేసారి ఎవరి కోడ్ వాళ్లు ఆటలో కలిపేసి పాడుచేస్తున్నారని ఆమె ఒక నియమం పెట్టింది: బొంగరం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే కలపాలి.

అబ్బ, ఆ రోజులు! "ఒరేయ్, బొంగరం ఇటివ్వరా!" అని నా కోసం కొట్టుకునేవారు. నా నడుముకి సమోసా నూనె అంటితే, వాళ్లలోనే ఒకమ్మాయి జ్యోత్స్న, తన చున్నీతో తుడిచేది. అంత గారాబం ఏ బొమ్మకు దక్కుతుంది?

మనుషులు చిత్రమైనవాళ్లు. వంతులు పెట్టినవాళ్లే తమ వంతు అయిపోయిందని మరిచిపోతారు. ఎవరి కోడూ నచ్చక మాళవిక అన్నీ తానే తిరగరాయసాగింది. పడవ నడకను రాసిన దేముడుబాబు కోడ్‌నైతే అడగకుండానే మార్చేసింది. నేను ఆమె గుప్పిట్లోనే ఉండిపోయాను. మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవారు.

ప్రదర్శన రోజు పొద్దున్న పడవ అలల మీద నడవడం మానేసి ఆకాశంలోకి ఎగిరింది. మధ్యాహ్నానికి కాలేజీ అంతా చూడ్డానికి వస్తుంది. మాళవిక ఎంత వెతికినా తప్పు దొరకలేదు.

"దేముడూ, కాస్త చూడవా?"

"బొంగరం నీ గుప్పిట్లో ఎట్టుకొని నన్నేటి చూడమంటావే?"

"నీ కోడ్ మార్చేముందు నిన్ను అడగాల్సింది," అంటూ ఆమె నన్ను తెచ్చి అతని ముందు పెట్టింది.

"నేనేటి రాసినా ముట్టుకోవుగా?"

"ముట్టుకోను."

"మళ్లీ సెప్పు. జ్యోత్స్న సాక్షి."

"ముట్టుకోన్రా బాబూ!"

జ్యోత్స్న పకపకా నవ్వింది. దేముడు తన పద్ధతిలోనే రాసుకుంటూ పోయాడు. మాళవిక వేళ్లు రెండుసార్లు కీబోర్డు దాకా వెళ్లాయి. మూడోసారి తన చేతులు తానే కట్టేసుకుంది. ఆ అమ్మాయి అన్నాళ్లుగా రాసిన కోడ్ అంతటికంటే ఆ కట్టుకున్న చేతులే నాకు ముద్దొచ్చాయి.

మధ్యాహ్నం హాలు నిండా జనం. పడవ అలల మీద ఊగుతూ రేవు దగ్గరికొచ్చింది. అక్కడ లైట్‌హౌస్ ఉండాల్సిన చోట ఎర్రగా, పసుపుగా ఏదో తిరుగుతోంది.

నేనే!

"అడక్కుండా ఎట్టీసేను, ఏటనుకోకు," అన్నాడు దేముడు. మాళవిక కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఇప్పుడు నేను జూనియర్ల బల్ల మీదున్నాను. చేతులు మారుతూనే ఉన్నాను. నేల మీద తిరిగే బొంగరం ఎప్పటికైనా పడాల్సిందే. ఆ రేవులో మాత్రం ఎవరి పడవ వచ్చినా నేను తిరుగుతూనే ఉంటాను. నన్ను గుప్పిట పట్టినవాళ్లకూ, గుప్పిట విప్పినవాళ్లకూ నా దండాలు.