నడిమి సెగ

చెప్పీ చెప్పీ దీనా నోరు నొప్పెట్టింది. మాలిబ్డినం, సిలికాన్ కలిపి చేసిన కడ్డీ, పదిహేడు వందల డిగ్రీల వేడికీ చెక్కుచెదరదు, కరెంటు కొలిముల్లో వాడతారు, రేపు విమానం ఇంజన్లలోనూ వాడొచ్చు అని చెబితే, ఊళ్లోవాళ్లు అంతా విని, "ఇంతకీ ఏటికి పనికొత్తాదమ్మా?" అంటారు. ఇంకేం చెబుతుంది, తలకాయ!

ఆ కడ్డీకి ఒక రోగముంది. పెద్ద మంటలో ఒంటినిండా గాజు పొర కట్టుకుని హాయిగా ఉంటుంది. ఐదు వందల డిగ్రీల నడిమి సెగలో పెడితే మాత్రం పొడి పొడి అయిపోతుంది. కాస్త అల్యూమినియం కలిపి ఆ రోగం కుదిర్చానన్నదే దీనా థీసిస్. సోమవారం వైవా. చూపించాల్సిన కడ్డీని హాస్టల్లో ఎవరైనా విరగ్గొడతారేమోనని అనకాపల్లిలో ఇంటి బీరువాలో దాచింది. శనివారం వచ్చి చూస్తే లేదు.

"సన్యాసిరావు బావ ఒకటే ఎటకారం అమ్మా, మీ పాప సదువు ఏటికి పనికొత్తాదని" అన్నాడు తండ్రి ఏసురాజు. ఆయన సన్యాసిరావు గానుగ దగ్గర బెల్లం వండుతాడు. "అంత వేడి ఓర్చుకున్నదానికి మా పొయ్యి ఓ లెక్కా అని, పక్క గూట్లో ఎట్టేను. గానుగ ఆడినన్నాళ్లూ అక్కడే ఉంది."

"నిన్నెవరు పెట్టమన్నారు నాన్నా? నా కొంప ముంచావు కదా!"

సైకిల్ మీద గానుగదాకా తిడుతూనే ఉంది. ఏసురాజు తొక్కుతూనే ఉన్నాడు.

గూట్లో పసుపు పచ్చని పొడి, గుప్పెడు. ఏసురాజు దాన్ని తువ్వాల్లోకి ఎత్తుతూ, "మళ్లీ అతుక్కుంటాదేమో సూడమ్మా" అన్నాడు.

దీనాకి ఒళ్లు మండింది. తిట్టబోయి ఆగిపోయింది. ల్యాబులో కరెంటు కోతలు. తను దీన్ని నడిమి సెగలో ఒక్క పూట ఉంచి, బాగానే ఉందని రాసేసింది. ఈ గూట్లో అదే నడిమి సెగ రాత్రింబవళ్లు తగిలింది. పాడైంది కడ్డీ ఒక్కటే అయితే మళ్లీ చేసుకునేది. ఇప్పుడు థీసిసే తప్పు.

"సార్‌కి ఫోన్ చెయ్యాలి నాన్నా. వైవా ఆపమనాలి."

"నా మూలానేనా?"

"కాదు. నా మూలానే."

సన్యాసిరావు తొంగిచూశాడు. "ఇంతకీ ఏటికి పనికొత్తాదమ్మా అది?"

"నేను చేసింది దేనికీ పనికిరాదు మామా" అంది దీనా.

దారంతా తిట్లు తిని నోరెత్తని ఏసురాజు తువ్వాలు దులపకుండా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"నువ్వూరుకో బావా. మా పాప మళ్లీ సేత్తాది. మళ్లీ ఈ పొయ్యిలోనే ఎడతాను."