టేకులో మేకు

రుజువు మాస్టారికి ఆ పేరు కన్నవాళ్లు పెట్టింది కాదు. సర్వీసంతా సామాన్యశాస్త్రం చెప్పిన పుణ్యాన పిల్లలు పెట్టింది. "సార్, నిన్న కడుపునొప్పి వచ్చిందండి" అని ఎవరైనా అంటే చాలు, "రుజువేది?" అనేవారు. దెయ్యాలు, దిష్టి, జాతకాలు, తలనూనె ప్రకటనలు, వీటన్నిటినీ ఒకే వరుసలో నిలబెట్టి ఆయన ఒకే ప్రశ్న అడిగేవారు. పదవీ విరమణ నాడు "మన మాస్టారు మహామేధావి" అని సన్మానపత్రం చదువుతుంటే కూడా అలవాటుకొద్దీ నోరు తెరవబోయారు. పక్కనున్న లెక్కల మాస్టారు మోచేత్తో పొడిచి ఆపారు.

అటువంటి మనిషి, తన వాలు పొలంలో పెరిగిన టేకు చెట్లను స్వయానా వియ్యంకుడికి అమ్మవలసి వచ్చింది.

వియ్యంకుడు కలప వ్యాపారి. రంపం మిషన్లు, లారీలు, ఊరవతలికి కూడా వినిపించే గొంతు, ఇవీ ఆయన ఆస్తులు. కొడుకు రంపం పడతాడు. కోడలు, అంటే మాస్టారి ఏకైక కుమార్తె, చెట్టును తట్టి చూసి, చుట్టుకొలత తీసి, అందులో ఎంత కలప ఉందో లెక్కకడుతుంది. బయటివాడికి అమ్మితే వియ్యంకుడికి కోపం. వియ్యంకుడికి అమ్మితే బేరమాడడానికి మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే మోటు సామెత మాస్టారికి తెలియనిది కాదు.

"మన మధ్య కాగితాలేమిటి బావగారూ? అమ్మే చెట్లకి మీరు ఎర్రరంగు పూయండి. కోడలు కొలుస్తుంది. మొత్తానికి కలిపి ఒక్క ధర అనుకుందాం. రంగున్న చెట్టే కోస్తాను. రంగు లేని చెట్టు నాకు అక్కచెల్లెలితో సమానం," అన్నాడు వియ్యంకుడు, టీ కప్పు కింద పెడుతూ.

ఎర్రరంగు బజారులో ఎవరికైనా దొరుకుతుంది కదా అన్న మాట మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ కూతురు కళ్లతోనే దాన్ని లోపలికి తోసేసింది. ఏమీ అడగకుండా ఉండలేక ఆయన ఒకే ఒక షరతు పెట్టారు.

"మోకాలెత్తున కోయించకండి బావగారూ. నేలబారుగా కోయించండి. అలా కోస్తేనే మోడు నుంచి పిలకలు బలంగా వస్తాయి. ఇది శాస్త్రం."

"శాస్త్రం మీది, కలప నాది. అలాగే," అన్నాడు వియ్యంకుడు సంతోషంగా.

తర్వాత కూతురు తండ్రిని పెరట్లోకి పిలిచింది.

"నాన్నా, నీ రుజువుల గోల మా మామయ్య దగ్గర పెట్టకు. ఆ ఇంట్లో తలెత్తుకు తిరగాల్సింది నేను. మా అత్తయ్య అసలే, 'మీ నాన్న మమ్మల్ని కప్పల్ని కోసి చూసినట్టు చూస్తాడే' అంటుంది."

"నమ్మకం లేదని ఎవరన్నారే? పరీక్షకు నిలబడితే నమ్మకం ఇంకా గట్టిపడుతుంది."

"అమ్మకి ఎప్పుడైనా పెట్టావా పరీక్ష?"

వియ్యంకుణ్ణి ఏమీ అడగనని మాస్టారు మాటిచ్చారు. అడగనని ఇచ్చారు గాని, చూడనని ఇవ్వలేదు.

చెట్లకు రంగు పూస్తూ, ప్రతి చెట్టు మొదట్లో, మడమ ఎత్తున, ఆయన ఒక ఇనుప మేకు కొట్టారు. తల కనబడకుండా బెరడు లోపలికి దించి, పైన తడిమట్టి మెత్తారు. తర్కం తేటతెల్లం. చెట్టు లారీ ఎక్కినా మోడు ఎక్కడికీ పోదు. తాను అమ్మిన ప్రతి చెట్టు మోడులోనూ మేకుంటుంది. మేకు లేని మోడు కనబడిందంటే, ఆ చెట్టుకు రంగు పూసింది మరో చెయ్యి. తర్వాత వెతుక్కోవడం సులువుగా ఉండాలని దిక్సూచి పట్టుకుని అన్నిటికీ ఉత్తరం వైపే కొట్టారు. ఎత్తు తేడా రాకుండా కొలబద్ద పెట్టుకున్నారు. పని ముగిసేసరికి నడుం పట్టేసింది గాని, మనసు దూదిపింజె అయింది. వియ్యంకుణ్ణి అవమానించకుండా అనుమానించే మార్గం కనిపెట్టానని ఆయన లోలోపల మురిసిపోయారు.

పిలకల లెక్క సరైనదే. మేకుల లెక్కా సరైనదే. రెండూ ఒకే చెట్టు మీద, ఒకే ఎత్తున కలుసుకుంటాయన్నది మాత్రం ఆయనకు తట్టలేదు.

కోత మొదలైన ఉదయం అందరూ వాలులో చేరారు. అల్లుడు మొదటి చెట్టు పక్కన మోకరిల్లి, షరతు ప్రకారం నేలబారుగా రంపం మిషను ఆనించాడు. రంపపుపొట్టు చిమ్మింది. అంతలో మిషను గొంతు మారింది. నిప్పురవ్వలు లేచాయి. గొలుసు ఫట్టున తెగి, అల్లుడి బూటు మీదుగా దూసుకుపోయి పొదలో పడింది.

మిషను ఆగాక అల్లుడు బూటు విప్పి చూసుకున్నాడు. కాలు క్షేమంగా ఉంది. కూతురి ముఖంలో మాత్రం నెత్తుటిచుక్క లేదు.

కూలీల పెద్దను అందరూ శకునం మేస్త్రి అంటారు. తుమ్ముకీ పిల్లికీ పని ఆపేయగల మనిషి. అతడు రంపం పడ్డ చోట కత్తి మొనతో కెలికి, తెగిన మేకు ముక్కను పైకెత్తి చూపించాడు.

"అయ్యగారూ, చూశారా! దెయ్యాన్ని చెట్టుకి కట్టేసి కొట్టిన మేకండీ ఇది. ఇప్పుడది తెగింది. కట్టు విడిపోయింది. ఇంక ఎవణ్ణి పట్టుకుంటుందో ఏమో!"

కూలీలు గొడ్డళ్లు కింద పెట్టి లారీ నీడకు నడిచారు.

వియ్యంకుడు మాస్టారి వైపు తిరిగాడు. "మీరు చెప్పండి బావగారూ వీళ్లకి. దెయ్యాలు లేవని చెప్పడంలో మిమ్మల్ని మించినవాళ్లెవరు?"

నిజమే. ఒకప్పుడు గోడ మీద దెయ్యం ఆడుతోందని వీధివీధంతా తలుపులు బిగించుకుంటే, నిచ్చెన వేసుకుని వీధిదీపాన్ని ఊపి, ఆ నీడదెయ్యం చేత చిందులు వేయించి చూపిన మనిషి ఆయన.

"దెయ్యాలు లేవు," అన్నారు మాస్టారు. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

"మేకు ఉంది కదండీ," అన్నాడు మేస్త్రి. "మరి కొట్టిందెవరంటారు?"

"ఎవరో వేటగాళ్లు... తాడు కట్టుకోవడానికి..."

"మడమ దగ్గర తాడు కట్టి ఏం వేటాడతారండీ? చీమల్నా?"

లారీ నీడలోంచి నవ్వులు వచ్చాయి. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాణ్ణి ఆయన ఎన్ని తరగతుల్లో వెక్కిరించారో! ఇప్పుడు అదే చెట్టు మీద కూర్చున్నారు.

దెయ్యం ఉందంటే ఇన్నేళ్లూ చెప్పిన చదువు నీళ్లపాలు. లేదంటే మేకు కొట్టిన చెయ్యి చూపించాలి. చూపిస్తే కూతురు అత్తింట్లో తల దించుకోవాలి.

"సరేలే," అన్నాడు వియ్యంకుడు. "వీళ్ల తృప్తి కోసం ఓ భూతవైద్యుణ్ణి పిలిపిస్తా. వాడేదో గొణిగి పోతాడు. ఒరేయ్ అబ్బాయ్, ఈలోగా కొత్త గొలుసు ఎక్కించు."

ఒక్క క్షణం మాస్టారి గుండె తేలికపడింది. జన్మలో మొదటిసారి ఒక దెయ్యం ఆయనకు పనికిరాబోతోంది. అంతలో అల్లుడు చీలిన బూటును మళ్లీ తొడుక్కుంటూ కనిపించాడు. వాలు పొడుగునా ఎర్రరంగు చెట్లు నిలబడి ఉన్నాయి. ప్రతి మొదట్లోనూ ఒక మేకు. భూతవైద్యుడు ఎంత గొణిగినా ఇనుము కరగదు.

ఈలోగా కూతురు పక్క చెట్టు దగ్గర కూర్చుని మట్టి గీకింది. ఆ తర్వాత మరో చెట్టు. లేచి వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

"ఈ దెయ్యం దగ్గర దిక్సూచి ఉంది నాన్నా," అంది, ఆయనకు మాత్రమే వినబడేలా. "అన్నీ ఉత్తరం వైపే. అన్నీ ఒకే ఎత్తులో."

పరీక్ష హాలులో కాగితం లాక్కోకుండా ఎదురుచూసే ఇన్విజిలేటరులా నిలబడిపోయింది.

"అల్లుడూ, మిషను కింద పెట్టు," అన్నారు మాస్టారు. "అన్ని చెట్లలోనూ ఉన్నాయి. కొట్టింది నేను."

ఎందుకు కొట్టారో కూడా ఆయన పూర్తిగా చెప్పారు. చెబుతున్నకొద్దీ, మేకులు కొడుతున్నప్పుడు అంత అందంగా కనిపించిన తర్కం ఎండలో మాడిపోతూ వచ్చింది.

"అంటే, లేని రంగు నేను పూస్తాననుకున్నారా?" వియ్యంకుడి గొంతుకు చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి.

"పూస్తారని కాదు బావగారూ. పూయలేదని రుజువు ఉంటుందని."

"పూయనని నోటితో చెప్పాను కదయ్యా!"

"చెప్పారు. కాని అది రుజువు కాదు కదా."

ఆ మాట నోరు జారి వచ్చింది. అల్లుడు తల పట్టుకున్నాడు.

"చెట్లు కొలిచింది నేను నాన్నా," అంది కూతురు. "దొంగచెట్టు ఉంటే దాన్నీ నేనే కొలవాలి. అది తట్టిందా నీకు?"

తట్టలేదు. మాస్టారు వంగి అల్లుడి బూటు చీలికను వేలితో తడిమారు. వేలు మేజోడు దాకా వెళ్లింది. "తప్పు చేశాను నాయనా," అన్నారు. దానికి ఎవరూ రుజువు అడగలేదు.

"ఇంటికెళ్లి మా ఆవిడకి ఏం చెప్పను?" వియ్యంకుడు ఇంకా దిగిరాలేదు. "పిల్లనిచ్చినాయన మనల్ని దొంగలనుకుంటున్నాడని చెప్పనా?"

కూతురు లారీలోంచి మేకులు పీకే సుత్తి తెచ్చింది. "చెప్పడం తర్వాత. ముందు పీకండి. ఇద్దరూ."

పెద్దమనుషులిద్దరూ మోకాళ్ల మీద కూలబడ్డారు. మాస్టారు దిక్సూచి చూసి చోటు చెబితే, వియ్యంకుడు ఆయన పీకనే పీకుతున్నంత కోపంగా మేకు పీకాడు. కొన్ని చెట్లయ్యాక కూతురు ఊరికే ఉండలేక చెట్టుకు అటువైపు వెళ్లింది. అక్కడ బెరడు మీద నున్నని మచ్చ ఒకటి కనబడింది. గోటితో గిల్లితే మైనం ఊడి వచ్చింది. కన్నంలో పుల్ల పెడితే సగం చెట్టు దాకా పోయింది.

"ఇదేమిటి మామయ్యా?"

ఊరవతలికి వినిపించే గొంతు ఉన్నట్టుండి గొంతులోనే ఉండిపోయింది. "అదా... వడ్రంగిపిట్ట అయి ఉంటుందమ్మా."

"వడ్రంగిపిట్ట కన్నం పొడిచి, మైనం కూడా పెట్టి పోతుందా?"

"లోపల బోలు ఉందేమోనని... ఆ మధ్య ఓ రోజొచ్చి... కన్నాలు వేసే బర్మాతో... ఊరికే కొద్దిగా..."

"నేను తట్టి చూసి గట్టి కలపని చెప్పాక?"

"నీ మీద అపనమ్మకం కాదే తల్లీ! మీ నాన్న చెట్లు కదా, నీకు ప్రేముంటుందని..."

మాస్టారి కళ్లు చాలాసేపటికి వెలిగాయి. "ఎక్కడైనా బోలు కనిపించిందా బావగారూ?"

"లేదు."

"చూశావుటే, రుజువైంది!"

కూతురు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఒకరు నాది దొంగ కొలతన్నారు. ఒకరు ప్రేమ కొలతన్నారు. కొలత కొలతే అన్నవాళ్లు ఒక్కరూ లేరు," అంది. కింద పడ్డ సుత్తి తీసి మళ్లీ వియ్యంకుడి చేతిలో పెట్టి, మైనం ముద్ద తండ్రి చేతిలో పెట్టి, తాను వెళ్లి పడి ఉన్న పాత దుంగ మీద కూర్చుంది.

అప్పుడు శకునం మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"ఇందులో గొడవేముందండీ? దెయ్యం ముందు మాస్టార్ని పట్టింది, మేకులు కొట్టించింది. ఆనక అయ్యగార్ని పట్టింది, కన్నాలు వేయించింది. లేకపోతే చదువుకున్నోళ్లు, పెద్దమనుషులు, చేసే పనులేనా ఇవి?"

అన్నిటినీ వివరించే సిద్ధాంతం దేన్నీ వివరించదని మాస్టారు ఏటేటా పాఠం చెప్పేవారు. ఆ పాఠం గొంతులోకి వచ్చింది కూడా. కాని వియ్యంకుడు ముందే అందుకున్నాడు.

"అదీ మాట! ఆవేళ నాకు ఒళ్లు తెలియనే లేదు!"

"అయితే అత్తయ్యకి ఇదే చెబుతాను," అంది కూతురు. "నాన్నా, నీకేమైనా అభ్యంతరమా?"

'రుజువేది' అన్న మాటను మాస్టారు చేదుమాత్రలా మింగారు.

ఆఖరి లారీ నిండిన రోజున వియ్యపురాలు మాస్టారింటికి పరామర్శకు వచ్చింది. కాస్త దూరంగా, తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చుంది.

"ఇప్పుడు తగ్గిందా అన్నయ్యగారూ?" అంది జాలిగా. "వయసులో ఉన్నవాళ్లే తట్టుకోలేరట, పాపం మీరెలా భరించారో!"

కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది. మాస్టారు టీ గుటక వేసి గొంతు తడుపుకున్నారు.

"తగ్గిందమ్మా," అన్నారు. "చాలావరకు."

కిటికీ పక్కన కూర్చున్న వియ్యంకుడు వీధిలోని లారీ వైపు చూస్తూ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "నాకే ఇంకా పూర్తిగా వదల్లేదేమో బావగారూ. ఆ దుంగలు ఒక్కసారి లెక్కపెట్టి వస్తాను."

"పదండి," అంటూ మాస్టారూ లేచారు. "నేనూ వస్తాను."

కూతురు తలెత్తుకునే నిలబడింది, ఇంటికప్పు వైపు చూస్తూ.