బారీ ఆవు నుదుట బొట్టు

నిరుపమ కారు ఎవరి గేటు ముందు ఆగినా ఆ ఇంట్లోవాళ్ల మొహాలు ముడుచుకుపోయేవి. కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, ముద్ర ఉన్న తెల్ల కారు మరి. రోడ్డు మీదికి పెరిగిన కొమ్మలకీ, చెత్త తగలబెట్టిన పొగకీ, ఊరి మీద పడ్డ కుక్కలకీ, అన్నిటికీ నోటీసులు పట్టుకుని ఆ పల్లెలన్నీ తిరగడం ఆమె ఉద్యోగం. ఈ దేశం వచ్చి చదువుకునే రోజుల్లో సిటీలో, మనురేవా పేటలో షాపు కౌంటర్ వెనక నిలబడి అందరికీ నవ్వులు పంచింది. ఇప్పుడు చివాట్లు పంచుతోంది.

ఆ శుక్రవారం పొద్దున ఆఫీసుకెళ్లి తెచ్చింది బారీకి ఇవ్వాల్సిన మూడో నోటీసు. బారీ పాడి రైతు. అతని పొలం సరిగ్గా నిరుపమ ఇంటికి ఎదురుగా, రోడ్డుకి అవతల ఉంది. అతని ఆవొకటి కంచె తోసుకుని రోడ్డెక్కుతోందని ఒకటే ఫిర్యాదులు. ముందురోజు పాల ట్యాంకరు దాన్ని తప్పించబోయి పక్క గుంటలోకి దిగిపోయింది. పొద్దున లేస్తే మొహం చూడాల్సిన మనిషికి మూడోసారి నోటీసివ్వడమంటే ఆమెకి ప్రాణం చచ్చినట్టుంది.

బారీ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"మంచి ఆవే. కానీ రేపు ఎవరైనా చచ్చిపోతే? ఇంక నా వల్ల కాదు. మంగళవారం లారీ వస్తుంది, కబేళాకి పంపించేస్తాను," అన్నాడు. "పైగా ఇవాళ నుదురు కూడా గీరుకుంది, చూడు. మందు కొడదామంటే దగ్గరికి రానివ్వదు."

నిరుపమ చూసింది. నల్లమచ్చల ఆవు నుదుటి మీద, తెల్లగా ఉన్నచోట, గుండ్రంగా పసుపు. దాని మధ్యలో ఎర్రటి కుంకుమ.

కౌన్సిల్లో ఇంకెవరు వచ్చినా గాయమనే రాసుకునేవాళ్లు. ఆమెకి మాత్రం అది తన ఇంటి కుంకుమేనని తెలిసిపోయింది. చెప్పాలనుకుంది. చెప్పకుండానే తలూపి కారెక్కింది.

ఎక్కిందే గానీ మనసు ఎక్కడా నిలవలేదు. ఒక ఊరి మలుపు దాటేసి వెనక్కొచ్చింది. ఎవరి కొమ్మల నోటీసో పక్కింటి పోస్టు డబ్బాలో వేసి, మళ్లీ పరిగెత్తి తీసుకుంది. తెచ్చుకున్న పెరుగన్నం మూతైనా తియ్యలేదు. తప్పు తన ఇంట్లో పెట్టుకుని ఆ పెద్దమనిషి చేతిలో మూడు నోటీసులు పెట్టింది!  మధ్యాహ్నం రెండింటికే బండి ఇంటికి తిప్పేసింది.

అత్తగారు రాజ్యం పెరటి కుళాయి దగ్గర పళ్లెం కడుగుతోంది. కొడుకు సాయి తేజ దగ్గరికి బాపట్ల నుంచి వచ్చి ఏడాది కావస్తోంది.

"ఏవమ్మా, ఇంత పెందలాడే వచ్చేశావు? ఒంట్లో బాలేదా?"

"అత్తయ్యా, ఎదురు పొలంలో ఆవుకి మీరు బొట్టు పెట్టారా?"

రాజ్యం మొహం విప్పారింది. "చూశావా? శుక్రవారం కదా అన్నాను, ఎంత బుద్ధిగా తల వంచిందనుకున్నావు! రోజూ నువ్విటు వెళ్లగానే అటు వచ్చేస్తుంది. బెల్లం, అన్నం, అరటిపండు కలిపి ముద్ద పెడితేగానీ కదలదు."

"అది కంచె విరగ్గొట్టుకుని వస్తోందత్తయ్యా. ఆ ముద్ద కోసమే. మంగళవారం కబేళాకి పంపించేస్తారట."

పళ్లెం చేతిలోంచి జారి సిమెంటు మీద మోగింది.

"నేను పిలవలేదే," అంది రాజ్యం పళ్లెం తీస్తూ. "వాడు ఆఫీసుకీ, నువ్వు ఊళ్లమీదికీ పోతారు. సాయంత్రందాకా నాతో మాట్లాడే ప్రాణి లేదు. నన్ను వెతుక్కుంటూ వచ్చేది అదొక్కటే కదమ్మా."

ఊరందరికీ రూల్సు చెప్పే నిరుపమ వంగి కుళాయి కట్టేసింది. అత్తయ్యా, పగలంతా ఏం చేస్తారని ఏనాడైనా అడిగిందా? లేదు. అడిగితే ఆవిడ ఏం చెబుతుందోనని భయం కాబట్టే అడగలేదు.

రాజ్యం కొంగు బిగించింది. "పద. ఆయనకి చెప్దాం. నువ్వు ఇంగ్లీషులో చెప్పు."

బారీ గేటు దగ్గర ఆ మాట చెప్పేటప్పుడు నిరుపమ ఒంటి మీది కౌన్సిల్ కోటు విప్పలేదు. "ఈ నోటీసు మీది కాదు బారీ. మా ఇంటిది," అని ముద్ద సంగతీ, బొట్టు సంగతీ చెప్పింది.

"అయితే అది గాయం కాదా?" బారీ పడీపడీ నవ్వాడు. తర్వాత రాజ్యం కళ్లు చూసి ఆపేశాడు. "సరే, మంగళవారం వద్దు. వారం చూస్తాను. అక్కడ తిండి దొరకదని దానికి తెలియాలి. ఈసారి రోడ్డెక్కిందంటే మాత్రం పంపించక తప్పదు."

నిరుపమ అక్కణ్నుంచే ఆఫీసుకి ఫోన్ చేసి జరిగింది చెప్పేసింది. నోటీసు మీ ఇంటి అడ్రసుకి మారుస్తాం, వేరేవాళ్లు తెచ్చిస్తారని పై అధికారి పొడిగా అన్నాడు.

ఆవు రోడ్డెక్కకుండా చూడాలని సోమవారం ఆమె సెలవు పెట్టింది. కాసేపటికే ఆవు తన కంచె దగ్గరికొచ్చి, తీగల మీద రొమ్ము ఆనించి అంబా అని అరిచింది. వంటింట్లో రాజ్యం సింకు అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది.

"కిటికీ తెర లాగెయ్యమ్మా. నేను కనిపిస్తే దూకేస్తుంది."

నిరుపమ తెర లాగి, రోడ్డు దాటి వెళ్లి చేతులు ఊపింది. "హేయ్! పో! వెనక్కి పో!"

ఆవు చెవులు నిక్కబొడుచుకుని సంబరంగా ఇంకో అడుగు ముందుకేసింది. తీగ కిర్రుమంది.

తెర వెనక నుంచి రాజ్యం గొంతు వినిపించింది. "ఇంగ్లీషులో తిట్టవే తల్లీ! తెలుగు వింటే నేననుకుంటుంది!"

నిరుపమ ఇంగ్లీషులో కసిరింది, నోటీసులిచ్చే గొంతుతో. ఆవు అలాగే చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి మంద వైపు నడిచింది. కిటికీ తెర కదల్లేదు.